ముల్లుకు తెలియని నలభై లీటర్లు

కలాసిపాళ్యం వెనకసందులో, పొద్దున ఎనిమిదికే
నయాజ్ భాయ్ నా బండి కిందికి దూరిపోయాడు.
కాళ్ళు రెండే బయట.
ఒక చెప్పు తెగితే రాగితీగతో కట్టుకున్నాడు.

"ట్యాంకు యాడ పెట్టాల?" అని
డ్రైవర్ గంగులప్పను అడిగాడు, పైకి రాకుండానే.
బండి నాది. నెలనెలా కంతు కట్టేది నేను.
"ఎడం పక్క. స్టెప్నీకి ముందర, సైలెన్సర్‌కు ఎడంగా" అన్నాను.
కాళ్ళు కాసేపు కదల్లేదు.
తర్వాత ఇనుము లోపలినుంచి
"సరే అమ్మా" అని వినబడింది.

లెక్క పెద్దదేం కాదు.
సరిహద్దు దాటితే డీజిల్ ఎక్కే రూపాయలు
టమాటా బాక్సు మీద నాకు మిగిలే రూపాయల్ని తినేస్తున్నాయి.
ఇక్కడే రెండు కడుపులా నింపుకుంటే
మదనపల్లె పోయి, లోడెత్తుకుని,
తెల్లారకముందే మార్కెట్లో నిలబడొచ్చు
దారిలో ఏ బంకు మొహమూ చూడకుండా.

ట్యాంకు కొత్తది కాదు.
గుజిరీలో దొరికింది, ఎక్కడో తిరగబడిన వ్యానుది.
ఒక మూల సొట్ట.
నీలిరంగు కింద పచ్చరంగు, దాని కింద
చెరిగీ చెరగని తెలుగు అక్షరాలు:
మ్మ దీవెన.
ఏ అమ్మో, ముందు సగం లేదు.

ఒంచితే అడుగునుంచి మూడు లీటర్లు దిగింది
చింతపులుసు రంగులో.
ముప్పై అయిదు కిలోమీటర్లు, అనుకున్నాను.
ఎవరో పోయించుకుని, పోకుండా మిగిల్చిన దూరం.
నయాజ్ పారబోయలేదు.
రేకుడబ్బాలో పోసి, తుప్పుపట్టిన బోల్టులు అందులో నానేశాడు.

అతుకు వేసేముందు సబ్బునీళ్ళతో కడిగాడు.
వేణ్ణీళ్ళతో కడిగాడు.
మూతికి ముక్కు ఆనించి వాసన చూసి, మళ్ళీ కడిగాడు.
మెడదాకా నీళ్ళు నింపి, అప్పుడు అంటించాడు మంట.
"డీజిల్ పోయినా దాని గాలి పోదమ్మా.
దానికే కోపం జాస్తి" అని
కనుబొమ్మ లేని ఎడమకన్ను చూపించాడు.
కుర్రాడు మునిరాజు నవ్వబోయి ఆగిపోయాడు.

మధ్యాహ్నానికి
రెండు ఇనపపట్టీలు, పాత టైరులో కోసిన రబ్బరుముక్కలు,
కొత్త పైపు, జాలీ,
ఒకే పిడికి తిరిగే రెండు ఇత్తడి కుళాయిలు.
ఇంజను పిలిచేదానికి ఒకటి, తాగగా మిగిలింది తిరిగొచ్చేదానికి ఒకటి.
"మిగిలింది వచ్చిన చోటికే పోవాల.
లేకుంటే ఒకటి ఎండిపోతాది, ఒకటి పొర్లిపోతాది."
పిడి ఇటు తిప్పితే పాతది, అటు తిప్పితే కొత్తది,
నడిమిన పెడితే ఏదీ కాదు.
"నడిమిన మాత్రం ఆపొద్దు" అని మూడుసార్లు చెప్పాడు,
ఈసారి గంగులప్పకు కాదు, నాకు.

తాళం తిప్పితే బండి దగ్గింది, అంతే.
ఇంత ఇనుము, ఇంత అప్పు
పైపులో పిడికెడు గాలికి ఆగిపోయింది.
మునిరాజు బొటనవేలితో పంపు నొక్కాడు, నొక్కాడు,
నురగ, నురగ, తుపుక్కున ఒక బుడగ,
ఆ వెనకే సన్నటి తెగని ధార.
బండి పలికింది. సందులో కుక్క లేచి పక్కకు జరిగింది.

మీటరులో ముల్లుకు పాత ట్యాంకే తెలుసు.
"ఇంకో తీగ లాగితే కొత్తది కూడా చూపిస్తాది,
వెయ్యి రూపాయలు" అన్నాడు నయాజ్.
వద్దన్నాను.
డబ్బులు లేక అనుకున్నాడు, కొంత నిజమే.
కానీ ఖాళీ అని చూపించినప్పుడు
ఖాళీ కానిది ఒకటి
నా దగ్గర ఉండనీ.

హొసకోటె దాటేసరికి చీకటి.
ముల్లు ఎర్రగీత మీదికి జారింది.
గంగులప్ప నావైపు చూశాడు.
నేను కిటికీలోంచి బయటికి చూశాను,
ఇంకో మైలు, ఇంకో అర మైలు,
ఇంజను ఒకసారి గుటక మింగేదాకా.
అప్పుడు చెయ్యి సీటు కిందికి పెట్టి,
నడిమిన ఆగకుండా,
పిడి అటు తిప్పాను.